ప్రాణాయామం అయిపోగానే లేవకండి

(హనుమకొండలో ఉదయపు నడకకు వచ్చేవారి సభలో చేసిన ప్రసంగం, చివర అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. పొద్దుగాలే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, సాపలు ఇంకా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీల్లోనే కూర్చోండి. ఊపిరికి కుర్చీ అయినా సాప అయినా ఒకటే, వెన్ను నిటారుగా ఉంటే చాలు.

భద్రకాళి బండ్ మీద గానీ పబ్లిక్ గార్డెన్‌లో గానీ పొద్దున ఆరింటికి చూడండి. గుంపులు గుంపులుగా కూర్చుని ప్రాణాయామం చేస్తుంటారు. గబగబా ఊపిరి కొట్టే కపాలభాతి, భస్త్రిక, తర్వాత అనులోమ విలోమ, భ్రామరి, వరసపెట్టి అరగంట. చివర మూడు ఓంకారాలు, చప్పట్లు, సాప చుట్టేసి టీ కొట్టు. నాకు మనసు చివుక్కుమనేది అక్కడే. అరగంట కష్టపడి మనసును ధ్యానానికి సిద్ధం చేస్తారు, తీరా అది సిద్ధమయ్యే వేళకు లేచిపోతారు. ఇంకోవైపు, ఊపిరి సంగతే పట్టించుకోకుండా నేరుగా కళ్ళు మూసుకుని కూర్చుని, "మనసు నిలుస్తలేదండీ" అని వారంలోనే మానేసేవాళ్ళున్నారు. ఈ రెండూ వేర్వేరు పనులని అనుకోవడం వల్లే ఇలా జరుగుతోంది. ఊపిరి సాధన ఎక్కడ ఆపాలి, ధ్యానం ఎక్కడ అందుకోవాలి అన్నదే ఇవాళ్టి మాట.

యోగసూత్రాలు చెప్పిన పతంజలి లెక్కలో యోగానికి ఎనిమిది అంగాలు. ప్రాణాయామం నాలుగోది, ధారణ ఆరోది, ధ్యానం ఏడోది. ప్రాణాయామం గురించి చెబుతూ ఆయన "ధారణాసు చ యోగ్యతా మనసః" అన్నాడు, అంటే మనసుకు ఒకచోట నిలిచే అర్హత వస్తుందని. అర్హత వస్తుందన్నాడు గానీ ధ్యానమే వస్తుందనలేదు. వచ్చిన అర్హతను వాడుకోవడం మన పని.

అసలు ఊపిరే ఎందుకు? శరీరం లోపల దానంతటది జరిగిపోయే పనులు చాలా ఉన్నాయి. గుండెను నెమ్మదిగా కొట్టుకోమంటే వినదు, పేగులను కదలమంటే కదలవు. ఊపిరి మాత్రం నిద్రలో తనంత తానే నడుస్తుంది, మెలకువలో మనం చెప్పినట్టూ వింటుంది. దాని లయను పుట్టించే చిన్న నాడీకణాల గుంపు మెదడు కాండంలో ఉంది. ప్రీ బోట్జింగర్ కాంప్లెక్స్ అంటారు, 1991లో గుర్తించారు. 2017లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఈ గుంపులోని కొన్ని కణాలకు మెదడులో మెలకువనూ అలజడినీ పెంచే కేంద్రంతో నేరుగా లంకె ఉందని తేలింది. ఆ కణాలను తొలగిస్తే ఎలుకలు కంగారు తగ్గి నెమ్మదించాయి. మనుషుల్లో అచ్చం ఇలాగే అని దీన్నిబట్టి చెప్పేయకూడదు. ఊపిరి నడకకూ మనసు అలజడికీ మధ్య దారి ఉందనడానికి మాత్రం ఇది గట్టి ఆధారం.

ఇంకో దారిని ఇక్కడే పట్టి చూద్దాం. ఎడమ అరచెయ్యి పైకి పెట్టండి. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర, కుడిచేతి రెండు వేళ్ళు మెత్తగా ఆనించండి. గట్టిగా నొక్కితే నాడి దొరకదు. దొరికిందా? ఇప్పుడు ముక్కుతో ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకోండి... మెల్లగా ఆరు అంకెలు వదలండి... మళ్ళీ. ఇంకోసారి. తీసుకునేటప్పుడు నాడి కొంచెం వడివడిగా, వదిలేటప్పుడు కొంచెం ఎడంగా కొట్టుకుంది, అవునా? బయటికి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం గుండెకు కళ్ళెం వేస్తుంది, తీసుకునేటప్పుడు ఆ కళ్ళెం కొద్దిగా సడలుతుంది. వయసులో ఉన్నవాళ్ళకు ఈ తేడా బాగా తెలుస్తుంది. పెద్దవాళ్ళకు, చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళకు, బీపీకి కొన్ని రకాల మందులు వాడేవాళ్ళకు అంతగా తెలియదు, దానికి బెంగపడొద్దు. ఇవాళ మీరు చేయబోయే ప్రతి పద్ధతికీ మూలం ఇదే: తీసుకోవడం కంటే వదలడం పొడుగ్గా ఉండాలి.

ఇప్పుడు అందరూ చేసే తప్పు దగ్గరికి వద్దాం. "పెద్దగా గాలి పీల్చు, ఒంటికి ఆక్సిజన్ బాగా పడుతుంది" అని చెబుతుంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆక్సిజన్ ముందే 95 నుంచి 100 శాతం నిండి ఉంటుంది. ఎంత పీల్చినా అంతకు మించి పట్టేది చాలా తక్కువ. గబగబా, గట్టిగా పీల్చి వదులుతుంటే జరిగేది వేరు: రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. అది పడిపోతే మెదడుకు వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి. నెత్తి తేలిపోయినట్టు, పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి పట్టినట్టు, కళ్ళు బైర్లు కమ్మినట్టు అవుతుంది. దీన్ని "అనుభూతి" అని, "శక్తి లేచింది" అని పొంగిపోయేవాళ్ళున్నారు. చెప్పడం కష్టమే అయినా చెప్పి తీరాలి, అది ధ్యానానుభవం కాదు. మెదడుకు రక్తం తగ్గిందనడానికి గుర్తు. అలా అయితే వెంటనే సాధన ఆపి మామూలుగా ఊపిరి తీసుకుంటే రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది.

కొంచెం లెక్క చూద్దాం. కూర్చుని ఉన్నప్పుడు మనం ఒక్కో ఊపిరికి సుమారు అర లీటరు, అంటే 500 మిల్లీలీటర్ల గాలి తీసుకుంటాం. అందులో 150 దాకా ముక్కులో, గొంతులో, గాలిగొట్టంలోనే ఉండిపోయి అట్లే వెనక్కి వస్తుంది, రక్తానికి అందదు. నిమిషానికి 15 ఊపిర్లంటే మొత్తం ఏడున్నర లీటర్లు, పనికొచ్చేది ఐదుంపావు. అదే కంగారులో పైపైన, 250 మిల్లీలీటర్ల చొప్పున 30 సార్లు ఊపిరి తీసుకున్నామనుకోండి. మొత్తం మళ్ళీ ఏడున్నర లీటర్లే, కానీ పనికొచ్చేది మూడు లీటర్లు. ఇక నిదానంగా ఒక్కో లీటరు చొప్పున 6 సార్లు తీసుకుంటే మొత్తం ఆరు లీటర్లే అయినా పనికొచ్చేది 5 లీటర్ల 100. చూశారా, తక్కువ కదలికతో దాదాపు అదే పని జరిగిపోయింది. ఒళ్ళు కుదురుగా ఉండటానికి ఇది చాలా అవసరం. నిదానించమంటున్నాను గానీ ఎక్కువ పీల్చమనడం లేదు.

ఇక సాధన. మొదటి మెట్టు పొట్ట ఊపిరి, దీన్ని దాటేసి ముందుకు పోతే మిగతావన్నీ పైపై పనులే అవుతాయి. ఇంట్లో వెల్లకిలా పడుకోండి, మోకాళ్ళు మడిచి పాదాలు నేల మీద ఆనించండి. బొడ్డు మీద కిలో బియ్యం సంచి పెట్టుకోండి. ముక్కుతో తీసుకుంటే సంచి పైకి లేవాలి, వదిలితే దిగాలి, ఛాతీ దాదాపు కదలకూడదు. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగితే పొట్ట దానంతటదే ముందుకు వస్తుంది. చాలామంది ఊపిరి తీసుకోకుండానే పొట్ట కండరాలతో సంచిని ఎత్తుతుంటారు. అది వ్యాయామం అవుతుంది గానీ ఊపిరి కాదు. తేడా తెలుసుకోవాలంటే చేతులను డొక్కల మీద, చివరి పక్కటెముకల దగ్గర పెట్టి చూడండి. ఊపిరి సరిగ్గా దిగితే అవి పక్కలకు విచ్చుకుంటాయి, పొట్టను ఊరకే ఎత్తితే విచ్చుకోవు. రోజుకు పది నిమిషాలు, పది పదిహేను రోజులు ఇదొక్కటే చేయండి. తర్వాత కూర్చుని చేయండి. కూర్చున్నప్పుడు భుజాలు చెవుల వైపు లేస్తున్నాయంటే మళ్ళీ పడుకుని మొదలుపెట్టాలన్నమాట. లుంగీ అయినా ప్యాంటు అయినా చీర కుచ్చిళ్ళయినా నడుము దగ్గర వదులు చేసుకోండి. అక్కడ బిగుతుగా ఉంటే ఎన్ని చెప్పినా పొట్ట కదలదు.

రెండోది లెక్క. నాలుగు అంకెలు తీసుకోవడం, ఆరు అంకెలు వదలడం. అంకె ఒక సెకను అనుకుంటే ఒక ఊపిరికి పది సెకన్లు, నిమిషానికి ఆరు. ఈ ఆరు దగ్గర ఊపిరి లయ, గుండె లయ, రక్తపోటును సరిచూసే నాడీ వ్యవస్థ లయ, మూడూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. 2001లో ఇటలీ పరిశోధకులు ఒక విశేషం ప్రచురించారు. లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, యోగ మంత్రం జపించినా ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చింది. ఫాతిమా నగర్ చర్చిలో జపమాల తిప్పేవాళ్ళు, వేయిస్తంభాల గుడి మెట్ల మీద శివనామం చెప్పుకునేవాళ్ళు లెక్కపెట్టకుండానే ఈ పని చేస్తున్నారేమో మరి. మొదట్లో నాలుగు-ఆరు కుదరకపోతే మూడు-నాలుగుతో మొదలుపెట్టండి. వదలడం అయ్యాక ఆబగా గాలి మింగాలనిపిస్తే మీ లెక్క మీ ఒంటికి పెద్దదైందన్నమాట, ఒక అంకె తగ్గించండి. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, దీంట్లో లేదు. ఒకటి-నాలుగు-రెండు అనే నిష్పత్తి విని ఉంటారు. నాలుగు అంకెలు తీసుకుని, పదహారు నిలిపి, ఎనిమిది వదలడం. అది గురువు పక్కన కూర్చుని చాలా కాలం మీద నేర్వాల్సింది. బీపీ, గుండెజబ్బు, మూర్ఛ, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా ఉన్నవాళ్ళు, గర్భిణులు దాని జోలికే పోకూడదు.

మూడోది నాడీశోధన. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మడవండి. బొటనవేలు కుడి ముక్కుకు, ఉంగరపు వేలు ఎడమ ముక్కుకు. కుడివైపు మూసి ఎడమతో నాలుగు అంకెలు తీసుకోండి, ఎడమ మూసి కుడితో ఆరు వదలండి, కుడితోనే నాలుగు తీసుకోండి, ఎడమతో ఆరు వదలండి. ఇది ఒక ఆవృత్తి, ఇరవై సెకన్లు. పన్నెండు చేస్తే నాలుగు నిమిషాలు. వేలు ఆనించే చోటు ముఖ్యం: ముక్కు ఎముక అయిపోయి మెత్తటి భాగం మొదలయ్యే చోట, పక్కనుంచి మెల్లగా. కొందరు ముక్కు దూలం వంకర పోయేలా నొక్కుతారు, దాంతో రెండో రంధ్రం కూడా సగం మూసుకుపోతుంది. మోచెయ్యి గాల్లో వేలాడితే భుజం లాగి ధ్యాస అంతా అక్కడికే పోతుంది. ఛాతీకి దగ్గరగా పెట్టుకోండి, అలిసిపోతే ఎడమ అరచేత్తో ఆసరా ఇవ్వండి. ఇక ఒక ముక్కు దిబ్బడగా ఉందని కంగారు పడొద్దు. కొన్ని గంటలకోసారి ఒకవైపు బిగిసి ఇంకోవైపు వదులవడం చాలామందికి సహజమే.

అయితే సహజమైన దిబ్బడ వేరు, దుమ్ము వల్ల వచ్చేది వేరు. ఏనుమాముల యార్డులో మిర్చి సీజన్‌లో పనిచేసే హమాలీలను చూడండి, సిరిసిల్లలో మగ్గాల దగ్గర నూలు దుమ్ము మధ్య ఉండేవాళ్ళను చూడండి, బీడీలు చుట్టే అక్కలను చూడండి. వాళ్ళకు ముందు ముక్కు శుభ్రం కావాలి. జలనేతికి, అంటే ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడానికి, అర లీటరు నీళ్ళను సలసల మరిగించి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చి, నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే టీ చెంచాకు కొంచెం వెలితిగా, కలపాలి. నల్లా నీళ్ళు, బోరు నీళ్ళు మరిగించకుండా ముక్కులో పోయకూడదు. అలాంటి నీళ్ళలో ఉండే ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అరుదే కానీ చికిత్సకు చాలా కష్టమైన జబ్బు. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా ముక్కు మండుతుంది. అయ్యాక ముందుకు వంగి రెండు రంధ్రాలతోనూ మెత్తగా గాలి వదలండి. ఒకటి మూసి గట్టిగా చీదితే నీళ్ళు చెవిలోకి ఎక్కుతాయి. ఇప్పటికే దమ్ము, అంటే ఆస్తమా, ఉన్నవాళ్ళు, సింగరేణి గనుల్లో చాలా ఏళ్ళు చేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళు నాడీశోధన బదులు ఇంకోటి చేయండి. ముక్కుతో రెండు అంకెలు తీసుకుని, ఈల వేసేటప్పుడు పెట్టినట్టు పెదవులు చిన్నగా గుండ్రం చేసి నాలుగు అంకెలు వదలండి. చిన్న గొట్టాలు ముందే మూసుకుపోకుండా ఇది కాస్తుంది. ఇన్‌హేలర్ మాత్రం మానకండి.

భ్రామరి గురించి ఎక్కువ చెప్పను, తేలికైనది. పెదవులు మూసి, పళ్ళు మాత్రం ఎడంగా ఉంచి, వదిలే గాలితో మెల్లగా, మంద్రంగా తుమ్మెద రొద. ఐదారు సార్లు చాలు. చెవి రంధ్రంలోకి వేలు దూర్చకండి, రంధ్రం ముందుండే చిన్న మడతను మూసినట్టు నొక్కితే సరిపోతుంది. ఇలా మూలుగుతున్నప్పుడు ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మామూలు కంటే సుమారు 15 రెట్లు పెరుగుతుందని స్వీడన్‌లో 2002లో కొలిచారు. సైనస్‌లలోని గాలి బాగా కదలడమే అందుకు కారణం. మనసుకు దీంతో వచ్చే మేలు ఇంకా సూటిగా ఉంటుంది: శబ్దం చేయాలంటే వదలడం పొడుగ్గానే ఉండి తీరాలి, లెక్క అక్కర్లేదు.

కపాలభాతి, భస్త్రిక చెప్పలేదని అడుగుతారు. వాటిని తక్కువ చేయడం లేదు. మత్తు వదిలించడానికి, పొద్దున్నే ఒళ్ళు తేలిక చేయడానికి పనికొస్తాయి. కానీ అవి ఒంటిని మేల్కొలిపేవి. ధ్యానానికి కూర్చోబోయే ముందు చివరి పద్ధతిగా వాటిని పెట్టకండి. చేస్తే మొదట్లో చేసి, తర్వాత నిదానపు ఊపిరికి రండి. బీపీ, హెర్నియా, ఈమధ్యే పొట్టకు ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు అసలే వద్దు.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. రెండు నిమిషాలు కుదురుగా కూర్చోవడం, ఐదు నిమిషాలు నాలుగు-ఆరు, నాలుగు నిమిషాలు నాడీశోధన, రెండు నిమిషాలు భ్రామరి. పదమూడు నిమిషాలు అయ్యాయి. ఇక్కడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, లెక్క ఆపేయండి. ఊపిరిని వదిలేయండి, అది ఎట్లా పోతే అట్లా పోనివ్వండి. కనీసం ఏడు నిమిషాలు, కుదిరితే పదిహేను.

బుద్ధుడు చెప్పిన ఆనాపానసతిలో ఊపిరిని మార్చే పనే లేదు. పొడుగ్గా వస్తే పొడుగ్గా వస్తోందని, పొట్టిగా వస్తే పొట్టిగా వస్తోందని తెలుసుకుంటూ ఉండడమే. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, ఈ దారి మన నేలకు కొత్తదేం కాదు. ముక్కు అంచుకూ పై పెదవికీ మధ్య గాలి తగిలే చోట ధ్యాస ఉంచండి. తీసుకునే గాలి కాస్త చల్లగా, వదిలేది కాస్త వెచ్చగా తగులుతుంది. మనసు పారిపోతుంటే వదిలిన ప్రతిసారీ ఒక అంకె, పది దాకా, మళ్ళీ ఒకటి. పదిహేడు, పద్దెనిమిది అంటూ దొరికిపోయారా? తిట్టుకోకుండా ఒకటికి రండి. అలా వెనక్కి తెచ్చుకోవడమే ఇక్కడ సాధన.

ఇక్కడ తప్పు ఒకటే ఎక్కువగా కనిపిస్తుంది. పదమూడు నిమిషాలు ఊపిరిని నడిపిన అలవాటుతో ఇప్పుడూ నడుపుతూనే ఉంటారు. గుర్తు ఏమిటంటే ఛాతీ బిగుతుగా ఉంటుంది, పది ఊపిర్లకోసారి పెద్ద నిట్టూర్పు వస్తుంది. అప్పుడు ధ్యాసను ముక్కు నుంచి తీసి అరచేతుల మీదికో, కూర్చున్న చోట నేల తగిలే భాగం మీదికో మార్చండి. ఒకటి రెండు నిమిషాల్లో ఊపిరి తన దారిన తాను పడుతుంది, అప్పుడు మళ్ళీ రండి. కొందరికి ఊపిరిని గమనిస్తేనే దడ పెరుగుతుంది, ముఖ్యంగా ఆందోళన జబ్బు ఉన్నవాళ్ళకు, ఏదైనా పెద్ద భయం అనుభవించినవాళ్ళకు. వాళ్ళను బలవంతపెట్టకండి. కళ్ళు సగం తెరిచి పిట్టల కూతలు, ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చున్నా ధ్యానమే. కునుకు వస్తుంటే రాత్రి నిద్ర తక్కువైందేమో చూసుకోండి, లేదా గోడకు ఆనుకున్న వీపును కొంచెం ముందుకు తెచ్చుకోండి.

భోజనమైతే మూడు గంటల ఎడం ఉండాలి, టీ అయితే అరగంట. ఎండాకాలంలో మన దగ్గర ఆరు దాటితే మిద్దె మీద కూర్చోలేం, ఐదున్నరకల్లా కానివ్వండి. చలికాలంలో చెత్త కాల్చే పొగ కిందికి దిగి ఉంటుంది, అప్పుడు బయటకంటే ఇంట్లోనే మేలు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో ఎక్కువసేపు కూర్చోకండి.

ప్రశ్నలు అడగండి.

— మా పాప ఇంటర్ చదువుతోంది సార్. పేపర్ చేతిలోకి రాగానే దడ, చేతులు వణుకు. ఇంతసేపు చేసే తీరిక ఎక్కడుంటుంది?

అక్కడ అంత అక్కర్లేదమ్మా. ముక్కుతో గాలి తీసుకుని, నిండిందనుకున్నాక దాని మీదే ఇంకో చిన్న గుక్క తీసుకుని, నోటితో పొడుగ్గా, చప్పుడు లేకుండా వదలమనండి. మూడు సార్లు చాలు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2023లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు కొన్ని ఊపిరి పద్ధతులనూ ధ్యానాన్నీ పోల్చి చూస్తే, మనసు తేలికపడటంలో ఈ పద్ధతే ముందుంది. అయితే మొదటిసారి పరీక్ష హాల్లోనే చేస్తే పట్టుబడదు. ఇప్పటినుంచీ చదువుకు కూర్చునే ముందు రోజూ చేయించండి, ఒంటికి అలవాటు కావాలి.

— రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర రాదు.

కుడికో ఎడమకో తిరిగి పడుకుని నాలుగు-ఆరు చేయండి, సెల్ చూడకుండా. నిద్ర రావాలని చేయకండి, రాకపోయినా ఒళ్ళు విశ్రాంతి తీసుకుంటుంది. సాయంత్రం కపాలభాతి చేసే అలవాటు ఉంటే దాన్ని పొద్దటికి మార్చండి.

— ధ్యానంలో ఒక్కోసారి ఊపిరి ఆగిపోయినట్టు ఉంటుంది. భయమేసి లేచిపోతాను.

ఇది చాలామందికి వస్తుంది. ఒళ్ళు కదలక, కండరాలు సడలి ఉన్నప్పుడు గాలి అవసరం తగ్గుతుంది, ఊపిరి సన్నబడుతుంది, వదిలాక కాసేపు ఖాళీ కూడా ఉంటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా పెరగగానే మెదడు కాండం తర్వాతి ఊపిరిని తప్పకుండా తీసుకుంటుంది, మీరు గుర్తుచేయనక్కర్లేదు. గబుక్కున గాలి మింగకండి, మింగితే అప్పటిదాకా కుదిరిందంతా చెదిరిపోతుంది. ఆ ఖాళీ ఎంతసేపు ఉందో చూస్తూ ఉండండి. అయితే ఒకటి. రాత్రి నిద్రలో గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని, ఉలిక్కిపడి లేస్తున్నారని ఇంట్లోవాళ్ళు చెబితే అది వేరే సంగతి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు, ప్రాణాయామంతో సరిపెట్టుకోకుండా ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి.